బ్రేకుల్లో ఆముదం

మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు మస్తాన్ మా నాయన కారు ముందు చక్రం విప్పాడు. నంద్యాలలో నేనూ ఉంటున్న మా తమ్ముడి ఇంటి వెనక రేకుల షెడ్డులో జరిగిందిది. టైము ఎందుకు గుర్తుందంటే, కారు వైపు చూడలేక నేను గోడ గడియారం వైపు చూస్తూ నిలబడ్డాను. ఆ గడియారం తగిలించింది తమ్ముడు జయపాల్. ఉద్యోగం అయిపోయాక ఆ షెడ్డే వాడికి ఆఫీసు. ఎన్నో ఏళ్లు ఇటుకల మీద నిలబడి ఉన్న కారును అక్కడికి తెచ్చి మళ్లీ నడిపించాలని పెట్టుకున్నాడు. ఇంజను పని సగం చేశాడు. బ్రేకులు, గేర్‌బాక్సు మొదలుపెట్టక ముందే ఒక పొద్దున మంచం మీద నుంచి లేవలేదు. మూడు నెలలైంది. మిగతా పని పూర్తి చేయిస్తానని వాడి కూతురు కరుణ పట్టుబట్టింది. తాత నడిపిన దారిలో, అంటే ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం కొండపైకి, ఒక్కసారి తానే నడిపి తెస్తానంది. పైకి పోవడం గురించి నాకు బాధ లేదు. ఆ కారులో పైనుంచి కిందికి రావడం గురించే.

మస్తాన్ నంద్యాలలో పాత బండ్లు బాగుచేసే మనిషి. పని కన్నా మాట ముందు నడుస్తుంది. చక్రం పక్కన పెట్టి, లోపలి గుండ్రటి డ్రమ్ము సుత్తితో కొట్టి ఊడదీశాడు. బ్రేకు గొట్టం విప్పితే తేనెలాగా చిక్కగా, గోధుమ రంగుది ఏదో కారింది. వేలితో తీసి వాసన చూశాడు.

“ఏంది పెద్దమ్మా ఇది? బ్రేక్ ఆయిలా, తలకు పెట్టే ఆముదమా?”

వాడు అడగకముందే నాకు ఆ వాసన అందింది. అది మా ఆళ్లగడ్డ ఇంటి వాసన. మా అమ్మ చేతుల వాసన. నేను షెడ్డులో ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను.

“ఆముదమే,” అన్నాను.

మా చిన్నతనంలో ఆళ్లగడ్డలో బాడుగకు తిరిగే కారు మాదొక్కటే అని నాయన చెప్పుకునేవాడు. నిజమో కాదో తెలియదు. ఇంగ్లండులో తయారైన నల్ల కారు. ఒక డాక్టరు వాడి వాడి వదిలేస్తే నాయన కొన్నాడు. మాది చర్చికి పోయే కుటుంబం. నాయన తోలేది మాత్రం అహోబిలం నరసింహస్వామి దర్శనానికి వచ్చేవాళ్లను. అప్పట్లో బస్సు దిగువ అహోబిలం దాకా పోయేది, అది కూడా రోజుకు ఒకటో రెండో. ఎగువకు పోవాలంటే నడవాలి, లేకపోతే మా నాయన కారు ఎక్కాలి. పగిడ్యాల నుంచి, బండి ఆత్మకూరు నుంచి రైతు కుటుంబాలు వచ్చి మా ఇంటి ముందు నిలబడి “అప్పా, బండి ఉందా?” అని పిలిచేవి. నాయన చెప్పులు విప్పి కారు ఎక్కేవాడు. ఒట్టికాళ్లతోనే నడిపేవాడు. చెప్పుంటే బ్రేకు సంగతి కాలికి తెలియదని ఆయన మాట.

అమ్మకు కారంటే భయం. పైకి అనేది కాదు. నాయన కొండకు పోయిన సాయంత్రం ఆమె పొయ్యి వెలిగించేది కాదు. బియ్యం కడిగి, కట్టెలు పేర్చి, అగ్గిపెట్టె పక్కన పెట్టుకుని, గడప మీద కూర్చునేది. మా వీధి మలుపులో నాయన రెండో గేరు వేస్తే కారు ఒక రకంగా ఏడ్చేది. ఆ గేరు పళ్లు అరిగిపోయి ఉండేవి కాబట్టి ఆ శబ్దం ఇంకే బండికీ లేదు. అది వినబడగానే అమ్మ లేచి అగ్గిపుల్ల గీసేది. ఆలస్యమైన రోజుల్లో మేమిద్దరం ఆకలికి ఏడ్చినా గీసేది కాదు. “గమ్మునుండండి, నాయన రానీ,” అనేది. పొయ్యి వెలిగిస్తే ఆయన రాడని ఆమె నమ్మకం ఏమీ కాదు. చేతులు ఆడేవి కావు, అంతే. అది నాకు చాలా ఏళ్లకు, నా చేతులు ఆడని రోజులు వచ్చాక అర్థమైంది.

బ్రేకులకు నూనె కావాలి. డబ్బాలో వచ్చే నూనె కర్నూలు నుంచి రావాలి, అది ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. పాత లారీ డ్రైవరు ఒకాయన నాయనకు ఒక ఉపాయం చెప్పాడట: ఆముదంలో స్పిరిట్ కలిపి పోస్తే సరిపోతుందని. ఆ రోజుల్లో అలా చేసినవాళ్లు చాలామందే ఉన్నారని తర్వాత చదివాను. స్పిరిట్ మందుల షాపులో దొరికేది. ఆముదం ఇంట్లోనే ఉండేది. అమ్మ తీసే ఆముదానికి మా వీధిలో పేరు. గింజలు వేయించి, రోట్లో దంచి, ఆ ముద్దను నీళ్లలో వేసి కుండలో ఉడికించేది. పైకి తేలిన నూనెను గరిటెతో తీసి వేరే గిన్నెలో పోసి మళ్లీ పొయ్యి మీద పెట్టేది. అందులో మిగిలిన నీరు చిటపటలాడుతూ పోవాలి. చప్పుడు ఆగితే నూనె అయినట్టు. తలకు పెట్టే నూనె, పిల్లలకు తాగించే నూనె, దీపం నూనె అన్నీ అలాగే చప్పుడు ఆగేదాకా కాచేది. నాయన కారుకు ఇచ్చే నూనెను మాత్రం ముందే దించేది. ఎక్కువ కాస్తే చిక్కబడుతుంది, కారుకు పల్చగా ఉండాలి అని నాయన ఒకసారి అన్నాడు. ఆ మాట ఆమె మరిచిపోలేదు. కారు నూనెకు వేరే సీసా, దానికి బట్ట బిరడా. సీసా నాయన చేతికి ఇచ్చే ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసేది. ఆ కాసేపు నాయన సీసా కోసం చెయ్యి చాచి అలాగే నిలబడేవాడు.

అంతటితో ఆగలేదు. నాయన మనిషి మంచివాడే కానీ కారు ఎక్కితే తొందర. దిగుడులో కూడా తొందర. అమ్మ చెప్పి చూసింది, అలిగి చూసింది. చివరకు ఒక పద్ధతి పెట్టింది. కొండకు పోయే ప్రతిసారీ మా ఇద్దరిలో ఒకరిని ముందు సీటులో ఎక్కించేది. ఒకసారి నేను, ఒకసారి జయపాల్.

“పిల్లను యాడికి? జాగా లేదు,” అనేవాడు నాయన.

“ఒళ్లో కూర్చుంటాది. కొండ చూస్తానంటాది.”

“నేను అనలే,” అని నేనంటే అమ్మ నా జబ్బ గిల్లేది.

జాగా లేకపోయినా ఎక్కేవాళ్లం. బిడ్డ పక్కనుంటే మనిషి మెల్లగా తోలుతాడని ఆమె లెక్క. ఆ మాట మాకు చెప్పలేదు. ఒకరోజు పక్కింటావిడతో అంటుంటే విన్నాం. “బ్రేకు ఆయన కాలు కింద లేదు వదినా, పక్క సీటులో ఉండాది.” ఆవిడ నవ్వింది. అమ్మ నవ్వలేదు. మేమిద్దరం కొట్టం వెనక్కి పోయి దాని గురించి మాట్లాడుకున్నాం. జయపాల్‌కు గర్వంగా అనిపించింది. నేను ఆ రోజు నుంచి నా వంతు వస్తే కొట్టం వెనక దాక్కునేదాన్ని.

ఆ ఎండాకాలం రోజు నా వంతు. పగిడ్యాల నుంచి ఒక ముసలాయన, ఆయన భార్య, వాళ్ల కొడుకు, కోడలు. దర్శనం అయింది. ఎగువ నుంచి దిగుతున్నాం. నేను నాయనకూ ముసలాయనకూ మధ్య కూర్చున్నాను. మోకాళ్లకు గేరు కర్ర తగులుతూ ఉంది. ఒక పక్క బండ, ఇంకో పక్క చెట్లు, చెట్ల కింద ఏమీ లేదు. ముసలాయన వాళ్ల ఊరి మిరప పంట సంగతి చెబుతున్నాడు. మూడో మలుపులోనో నాలుగో మలుపులోనో నాయన కాలు వంగడం చూశాను. బ్రేకు పెడలు మెత్తగా, అడ్డేమీ లేకుండా నేల దాకా పోయింది. ఆయన కాలు ఎత్తి మళ్లీ నొక్కాడు. మళ్లీ నేల. మళ్లీ, మళ్లీ. పెడలు రేకుకు తగిలిన చప్పుడు నాకు మాత్రమే వినబడింది. నేను పైకి చూశాను. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. చెవి కింద చెమట మాత్రం కారుతోంది.

రెండో గేరు వేయబోయాడు. అది పడలేదు, ఎముకలు విరిగినట్టు అరిచింది. ఇంజను ఒకసారి గట్టిగా రేపి మళ్లీ తోశాడు. పడింది. కారు ఏడుస్తూ కాస్త తగ్గింది, పూర్తిగా తగ్గలేదు. ఒక చేత్తో హ్యాండ్ బ్రేకు లాగి పట్టుకున్నాడు.

“బలే పోతాండాదే బండి!” అన్నాడు ముసలాయన. “మా పక్క బస్సోళ్లు పెండ్లి నడక నడుస్తారు. నువ్వు మొగోనివప్పా.”

“నిదానంగా పోనీ నాయనా, దేవుని కొండ,” అంది వెనక నుంచి ఆయన భార్య.

“నీకేం తెలుసు, గమ్మునుండు. తోలనీ.”

నాయన కారును బండ వైపు ఒరిపించాడు. ఎడమ పక్క రేకు రాయికి రాసుకుంది. ముసలామె నరసింహా నరసింహా అంది. మట్టి పోగు ఒకటి వస్తే ముందు చక్రం దాని మీదికి ఎక్కించాడు. కారు ఒరిగి ఆగింది. తర్వాత కొడుకు అడిగాడు, “ఏందీ, ఈడ ఆపినావ్?”

“ఇంజను కాగింది. చల్లారనీ,” అన్నాడు నాయన. దిగి కారు వెనక్కి పోయాడు. నేను సీటు మీద నిలబడి వెనక అద్దంలోంచి చూశాను. డిక్కీ మీద రెండు చేతులూ ఆనించి, తల వంచి నిలబడి ఉన్నాడు. నాయన భయపడగలడని నాకు అంతవరకు తెలియదు. అమ్మ భయం నాకు అలవాటే, అది ఇంట్లో సామానులాంటిది. ఈ భయం అలా కాదు.

ఎండ కాస్త తగ్గాక వచ్చి పెడలు నొక్కాడు. గట్టిగా, మామూలుగా నిలబడింది. ఏమీ జరగనట్టే. ఆయన దాన్ని చాలాసేపు అలాగే తొక్కి పట్టుకున్నాడు. తర్వాత మొదటి గేరులో, నడిచే మనిషి వేగంతో, దిగువ దాకా తెచ్చాడు. ముసలాయన నిరాశపడ్డాడు.

ఇంటికి వచ్చేసరికి చీకటి పడుతోంది. మలుపులో గేరు ఏడిచింది. మేం దిగేసరికి పొయ్యి మండుతోంది. అమ్మ రేకు మీది గీతను చూసింది, నన్ను చూసింది, నాయనను అడిగింది.

“బ్రేకు బాగా పడిందా?”

“పడింది,” అన్నాడు నాయన. “నీ నూనె పోసినాక పడకేం?”

అమ్మ ముఖం విప్పారింది. ఆ రోజు నాకు ముందుగా అన్నం పెట్టింది. ఆ తర్వాత నాయన కొండ ఎప్పుడూ మొదటి గేరులోనే దిగాడు. దిగుడులో రెండు చోట్ల ఆపి బండి చల్లార్చేవాడు. ఆయన మెల్లగా తోలుతున్నాడని బాడుగకు వచ్చేవాళ్లు చెబితే అమ్మ మా ఇద్దరి తలలు నిమిరేది. పద్ధతి పనిచేసిందని ఆమె అనుకుంది. ఇంకా గట్టిగా దాన్ని పట్టుకుంది. బస్సులు పెరిగి, బాడుగలు తగ్గి, నాయన కారును ఇటుకల మీదికి ఎక్కించేదాకా మమ్మల్ని వంతులవారీగా పంపుతూనే ఉంది.

ఇదంతా మస్తాన్‌కు చెప్పలేదు. నూనె సంగతి మాత్రం చెప్పాను: నీళ్లలో ఉడికించి తీసేదని, కారు నూనెను ముందే దించేదని, నాయన స్పిరిట్ కలిపేవాడని. వాడు తల గీరుకున్నాడు.

“స్పిరిట్టూ ఆవిరైతాది, నీళ్లూ ఆవిరైతాయి పెద్దమ్మా. కొండ దిగేటప్పుడు డ్రమ్ములు పెనంలా కాగుతాయి. లోపల నూనెలో ఆవిరి పుడితే పెడలు కిందికి పోతాది. గాలిని తొక్కినట్టే. చల్లారితే మళ్లీ వస్తాది. మీ అదృష్టం, మీరందరూ ఉండారు.”

“అందరూ లేరు,” అంది కరుణ. వాడు నాలిక కరుచుకున్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. నాయన స్పిరిట్ వల్లనా, అమ్మ ముందే దించిన నూనెలో మిగిలిన నీటి వల్లనా అన్నది ఇప్పుడు తేలదు. తేలినా చెప్పడానికి ఎవరూ లేరు. ఆయనను కాపాడాలని అమ్మ రెండు పనులు చేసింది. సీసా ఇచ్చింది, బిడ్డను ఇచ్చింది. ఆ సీసాలో ఉన్నదాని వల్లే బహుశా బ్రేకు పోయింది, ఆ కారులోకే బిడ్డను ఎక్కించింది. ఇది తెలియకుండానే ఆమె పోవడం మంచిదైంది. జయపాల్ ఉంటే చెప్పేదాన్ని. వాడు నవ్వేవాడు, తర్వాత షెడ్డులోకి పోయి ఆ పాత డ్రమ్మును తిప్పి తిప్పి చూసేవాడు.

పని మూడు వారాలు సాగింది. ముందు చక్రాలకు డ్రమ్ములు తీసేసి, కాగినా తొందరగా చల్లారే డిస్కు బ్రేకులు పెట్టించాను. నూనె గొట్టం పాత కారుకు ఒక్కటే ఉండేది. అది పోతే నాలుగు చక్రాలూ పోయినట్టే. ఇప్పుడు ముందుకు ఒకటి, వెనక్కి ఒకటి. ఒకటి పోయినా ఇంకొకటి పట్టుకుంటుంది. ఇందులో కరుణకు అభ్యంతరం లేదు. గేర్‌బాక్సు దగ్గర మాత్రం మొండికేసింది. అరిగిన రెండో గేరు, ఇంజను నుంచి వెనక చక్రాలకు పోయే పొడుగు ఇనుప కడ్డీ, దాని వదులైన కీళ్లు, అన్నీ మార్చాలన్నాడు మస్తాన్. అయిదు గేర్ల పెట్టె ఒకటి పాత సామాన్ల అంగట్లో చూసి పెట్టాడు.

“తాత గేర్‌బాక్సు తీసేస్తే ఇంకేం మిగుల్తాది అత్తా? ఆ శబ్దం గురించి మా నాయన ఎన్నిసార్లు చెప్పినాడో.”

“నువ్వు మిగుల్తావు,” అన్నాను.

“పెద్దమ్మ తీర్పు చెప్పేసింది. ఇంక అప్పీలు లేదక్కా,” అన్నాడు మస్తాన్.

కడ్డీని కొత్త పెట్టెకు సరిపడేలా కోయించి, అతికించి, తిప్పి చూసి తెచ్చాడు. మొదటిసారి సందులో నడిపి చూపిస్తానని తానే ఎక్కాడు. బ్రేకు కొట్టగానే కారు ఒక పక్కకు లాగి బట్టలుతికే బండను గుద్దింది. బంపరు వంగింది. వాడు దిగి నవ్వుతున్నాడు. “నూనె గొట్టంలో గాలి ఉండిపోయింది, అంతే. ఫికర్ వద్దు.” నేను లోపలికి పోయి కూర్చున్నాను. చేతులు ఆడలేదు. ఆ రోజు కరుణే వంట చేసింది.

మర్నాడు గొట్టాల్లోంచి గాలి తీయాలి. ఒకరు పెడలు తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు చక్రం దగ్గర మర విప్పాలి. కరుణ పనికి పోయింది. “ఎక్కు పెద్దమ్మా, నువ్వే తొక్కాల,” అన్నాడు మస్తాన్. నాయన సీటులో నేను అంతవరకు కూర్చోలేదు. ఎందుకో చెప్పులు విప్పాను.

“నొక్కు. పట్టుకో. వదలొద్దు... ఇప్పుడు వదులు. మళ్లా నొక్కు.”

వాడు మర విప్పగానే నా పాదం కింద పెడలు మెత్తగా నేల దాకా పోయింది. రేకుకు తగిలిన చప్పుడు వినబడింది. కారు మళ్లీ ఇటుకల మీద ఉందని, ఎక్కడికీ పోదని తెలుసు. అయినా నా రెండు చేతులూ స్టీరింగును పట్టుకున్నాయి. ఇదే ఆయన కాలికి తెలిసింది. పక్కన నేనుండగా తెలిసింది. నోరు తెరవకుండా రెండో గేరు వెతుక్కున్నాడు. నాలుగు చక్రాలూ అయ్యేసరికి పెడలు పైనే, రాయి మీద కాలు పెట్టినట్టు నిలబడింది. “చాలు, దిగు పెద్దమ్మా,” అని వాడు పిలిచాడు. నేను కాలు తీయలేదు. రెండోసారి పిలిచాక తీశాను.

బయలుదేరిన పొద్దున కరుణ కూతురు మిన్ను బూట్లు వేసుకుని కారు పక్కన సిద్ధంగా నిలబడింది. ఏడేళ్ల పిల్ల.

“నేనూ వస్తా.”

“బడి ఉంది, నువ్వొద్దు,” అంది కరుణ.

“రానీలే, ముందు సీటులో కూర్చుంటాది,” అన్నాను నేను. “అది పక్కనుంటే నువ్వు నిదానంగా...”

అక్కడ ఆగిపోయాను. గొంతు నాదే, మాట నాది కాదు. కరుణ నా వైపు చూసింది. జయపాల్ దానికి ఆ కథ చెప్పి ఉంటాడు. నేను మిన్ను చెయ్యి పట్టుకుని పక్కింట్లో అప్పజెప్పి వచ్చాను. అది ఏడుస్తూనే పోయింది. నేను ముందు సీటులో కూర్చుని తలుపు వేసుకున్నాను.

“భయమైతే ఉండిపో అత్తా.”

“భయం కాబట్టే వస్తాండా. పోనీ.”

ఆళ్లగడ్డలో మా వీధి మలుపు దగ్గర కరుణ గేరు మార్చింది. ఏ శబ్దమూ రాలేదు. ఇల్లున్న చోట ఇప్పుడు మొబైల్ ఫోన్ల అంగడి ఉంది. ఎగువ అహోబిలం దాకా పోయాం. గుడి ముందు జీపులు, బస్సులు, కొబ్బరికాయల అంగళ్లు. టీ తాగాం. దిగేటప్పుడు నేను కిటికీ బయటికి చూడలేదు. దాని కాలు చూశాను. ప్రతి మలుపుకూ కాలు కొంచెం వంగింది, పెడలు కొంచెం దిగింది, అక్కడే నిలబడింది. ఆ మట్టిపోగు ఏదో నేను గుర్తుపట్టలేదు. రోడ్డు వెడల్పు చేశారు, పక్కన సిమెంటు గోడ కట్టారు. వెనక ఒక జీపు హారను మోగిస్తూనే ఉంది, మమ్మల్ని దాటిపోతూ డ్రైవరు “ఏమక్కా, ఎద్దులబండా?” అని అరిచాడు. కరుణ నవ్వింది కానీ వేగం పెంచలేదు.

కిందికి వచ్చాక కారు పక్కకు ఆపింది. అప్పుడు చూసుకున్నాను, నా కుడి కాలు ముందున్న రేకును అదిమిపెట్టి ఉంది. పిక్క పట్టేసి వదలడం లేదు. కరుణ నా కాలు వైపు చూసి, తన చేత్తో మెల్లగా వెనక్కి జరిపింది.

బ్రేకులు పడ్డాయి. నా భయం ఏమీ తగ్గలేదు, తగ్గుతుందని కూడా అనుకోను. ఆ తర్వాత కరుణ ఆ కారును చాలాసార్లు తీసింది, నన్ను అడగకుండానే. అది తిరిగి వచ్చేదాకా నేను గ్యాసు పొయ్యి దగ్గర నిలబడి ఉంటాను. మిన్నుకు ఆకలేస్తుంది కాబట్టి వెలిగిస్తాను. మా ఇంట్లో ఇప్పుడు బండి మెల్లగా పోవాలని పిల్లలను ఎక్కించి పంపడం లేదు.